కట్టులో వేడి

అజైబాలో మా పక్క గదిలో ఉండే తమ్ముడిది జగిత్యాల వైపు ఊరు. జిప్సం బోర్డులతో ఫాల్స్ సీలింగ్ వేసే పని. మొన్న నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి తోడు వెళ్ళాను. కట్టు వేస్తుంటే కంగారుపడిపోయాడు. "అన్నా, చెయ్యి వేడెక్కుతున్నదే!"

భయం లేదన్నాను. రోజూ వాడు నెత్తికెత్తే బోర్డులోనూ ఈ తెల్లటి కట్టులోనూ ఉన్నది ఒకటే ఖనిజం. నీటిని తనలో కలుపుకున్న కాల్షియం సల్ఫేట్. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. చూడ్డానికి పొడిరాయే గానీ బరువులో 21 శాతం నీరే! సుమారు 150 డిగ్రీల దాకా కాలిస్తే అందులో ముప్పాతిక వంతు నీరు పోయి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి మిగులుతుంది. దానికి మళ్ళీ నీళ్ళు తగిలితే, పోయిన నీటిని పట్టుకుని సన్నటి స్ఫటికాలుగా అల్లుకుపోయి రాయవుతుంది. అప్పుడు పుట్టే వేడే వాడి చేతికి తగిలింది.

పారిస్‌లోని మోంమార్త్ర్ గుట్టలో జిప్సం తవ్వేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. పేరు చూసి ఈ వైద్యమూ అక్కడే పుట్టిందనుకుంటాం. కానీ 1798లో విలియం ఈటన్ అనే ఆంగ్లేయుడు, ఆటోమన్ సామ్రాజ్యపు తూర్పు ప్రాంతాల్లో విరిగిన కాలూచేతుల చుట్టూ జిప్సం పోసి గట్టిపరచడం చూశానని, ఇది ఐరోపా వైద్యులు గమనించదగ్గదని రాశాడు. వాళ్ళు మొదట అలాగే పోసి చూశారు. ఆ బరువుకి రోగి మంచం దిగలేకపోయేవాడు. 1851లో మాథైసన్ అనే డచ్చి సైనిక వైద్యుడు నూలుగుడ్డకు ఆ పొడి రుద్ది, తడిపి చుట్టాడు. క్రిమియా యుద్ధంలో రష్యా వైద్యుడు పిరగోవ్ గాయపడ్డ సిపాయిలకు ఇలాంటి కట్లే కట్టాడు.

ఈ ఒమన్‌లోనే ధోఫార్‌లో తవ్విన జిప్సం సలాలా రేవు నుంచి మన దేశానికి ఓడల్లో వెళ్తుంది. సిమెంటు కలిపిన వెంటనే బిగుసుకుపోకుండా ఉండాలంటే అందులో కాస్త జిప్సం ఉండాలి. రాయి అటు వెళ్తోంది, ఇళ్ళు కట్టడానికి. మనుషులం ఇటు వచ్చాం, అదే పనికి.

కట్టు కొద్ది నిమిషాల్లోనే బిగిసింది. ఎముక అతకడానికి మాత్రం ఆరు వారాలన్నారు. అన్నాళ్ళూ పనీ లేదు, జీతమూ లేదు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో అమ్మను చూడందే పడుకోనివాడు, ఇప్పుడు మామూలు ఫోనే చేస్తున్నాడు. నెట్ సరిగ్గా లేదని చెప్పాడట.