బాలచెరువు నుంచి రియో దాకా: ఒప్పందాల్లో లేని ఊళ్లు

విశాఖ ఉక్కు చరిత్ర రాసేవాళ్లు 1966 నుంచి మొదలుపెడతారు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదం, నవంబరు 1న విశాఖలో కాల్పులు, మొత్తం ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్న 32 మంది. అంతర్జాతీయ పర్యావరణ చట్టం చరిత్ర రాసేవాళ్లేమో 1972 స్టాక్‌హోం నుంచి మొదలుపెడతారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలన్నది మా ప్రయత్నం. ఎందుకంటే రెండింటిలోనూ కనపడే మనుషులు వాళ్లే.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ బాలచెరువు దగ్గర ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. పదిహేడు నెలల తర్వాత, 1972 జూన్ 14న, ఆమే స్టాక్‌హోంలో 113 దేశాల ప్రతినిధుల ముందు నిలబడి, పేదరికమూ లేమీ అన్నిటికన్నా పెద్ద కాలుష్యకారకాలు కావా అని అడిగారు. ఇరవై ఏళ్లు గడిచాయి. 1992 జూన్‌లో పి.వి. నరసింహారావు రియో డి జనీరో సదస్సుకు వెళ్లొచ్చారు. ఆగస్టు 1న విశాఖ వచ్చి ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మధ్యలో అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి పోయింది.

దీన్ని కపటం అని కొట్టిపారేయడం మా వుద్దేశం కాదు. ఆ వేదికల మీద భారత ప్రతినిధులు చేసిన వాదనలో న్యాయం వుంది. నూట యాభై ఏళ్లు బొగ్గు తగలబెట్టి పైకొచ్చిన దేశాలు, ఇప్పుడు అందరం సమానంగా తగ్గించుకుందాం రండి అంటే కుదరదన్నారు. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఇంకొంచెం ముందుకెళ్లి, బతకడానికి వదిలే పొగనీ విలాసానికి వదిలే పొగనీ ఒకే తక్కెడలో తూచొద్దన్నారు. ఈ వాదనే రియో వాతావరణ ఒప్పందంలో 'ఉమ్మడి, కానీ వేర్వేరు బాధ్యతలు' అన్న సూత్రంగా చోటు చేసుకుంది. 1997 క్యోటోలో ధనిక దేశాలకే కోత లెక్కలు పడ్డాయంటే ఈ సూత్రం వల్లే. దాన్ని సహించలేకనే 2001లో అమెరికా క్యోటో నుంచి తప్పుకుంది.

ఇక్కడ మాకొక సంగతి తట్టింది. చారిత్రక అన్యాయం జరిగింది గనుక ఇవాళ అందరికీ ఒకే కొలత పనికిరాదు - ఈ మాట మనం ఎక్కడ విన్నాం? రిజర్వేషన్ల గురించి అంబేద్కర్ నుంచి ఇప్పటిదాకా దళితులు చెబుతున్నది ఇదే కదా! మండల్ గొడవల కాలంలో, ప్రతిభ ఒక్కటే కొలత కావాలని వీధులకెక్కిన వర్గాల నుంచే మన దౌత్యవేత్తల్లో ఎక్కువమంది వచ్చారు. జెనీవాలో వాళ్లు చరిత్ర గురించి ఎంత బాగా మాట్లాడతారో! విమానం దిగాక ఆ చరిత్ర ఏమవుతుందో మరి.

ఒప్పందాలు కుదిరే పద్ధతి కూడా చూడాలి. వాతావరణ సదస్సుల్లో ఓటింగు నియమం మీద దేశాలకు ఈనాటికీ అంగీకారం కుదరలేదు. అంతా ఏకాభిప్రాయమే. పైకి చూస్తే ఎంతో సమానత్వం. కానీ ఒకేసారి పది గదుల్లో చర్చ జరుగుతుంటే పెద్ద దేశానికి గదికో బృందం వుంటుంది, చిన్న దీవికి మొత్తం ఇద్దరో ముగ్గురో వుంటారు. 2009 కోపెన్‌హాగెన్‌లో అమెరికా, చైనా, భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా కూర్చుని రాసుకున్న కాయితాన్ని మిగతా దేశాల ముందు పెడితే, సదస్సు దాన్ని ఆమోదించలేదు, 'గమనించింది' అంతే. అప్పుడు మన తరఫున వెళ్లిన జైరాం రమేష్ రాజ్యసభకు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్నికైనవారే. ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం అనే వైరుధ్యాన్ని గురించి 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగసభలో హెచ్చరించింది దేశాల మధ్య కూడా నిజమే.

రచ్చబండ దగ్గర పెద్దలు తేల్చేశాక 'అందరికీ సమ్మతమేనా' అని అడిగితే, దూరంగా నిలబడ్డ మాల మాదిగ పేటల మనిషి ఏమంటాడు? ఊరికి ఏకాభిప్రాయం వచ్చినట్టే.

ఇంగ్లీషులో కాలుష్యానికీ మైలకీ వున్నది ఒకటే మాట. తెలుగులో మనం వేరు చేసుకున్నాం, కాలుష్యం సైన్సు పుస్తకాల్లోకీ మైల ఇంట్లోకీ పోయింది. విశాఖ వీధులు ఊడ్చి, కాలవలు తీసిన రెల్లి కులస్తుల మీద మాత్రం రెండూ కలిసే పడ్డాయి. పేదరికమే కాలుష్యం అన్న మాట స్టాక్‌హోంలో ఏ అర్థంతో అన్నా, మన ఊళ్లోకి వచ్చేసరికి అది ఎవరి ఒంటి మీద వాలుతుందో మనకు తెలుసు.

స్టాక్‌హోం నుంచి చట్టాలూ వచ్చాయి. 1976లో 42వ సవరణ 48ఏ, 51ఏ(జి) అధికరణాల్ని చేర్చింది. 1981 వాయు కాలుష్య చట్టమూ, భోపాల్ తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టమూ తమ పీఠికల్లోనే స్టాక్‌హోం పేరు చెప్పుకున్నాయి. కానీ బాలచెరువు చుట్టుపక్కల భూమి తీసుకున్నది 1894 నాటి చట్టం కింద. ఆ చట్టానికి పట్టా తెలుసు, కూలి తెలీదు. ఒకరి పొలంలో తరతరాలుగా నాట్లేసి కోతకోసిన మనిషికి పోయిన పనిని అది నష్టంగా లెక్కపెట్టలేదు. ఆర్-కార్డు చేతికొచ్చినా ఉద్యోగం రాని కుటుంబాలు దశాబ్దాలుగా తిరుగుతూనే వున్నాయి.

అంతర్జాతీయ వేదిక మీద కులం మాట ఎత్తాలని 2001లో దళిత సంఘాలు డర్బన్ దాకా వెళ్లాయి. ఆ ప్రయత్నంలో ముందున్న వాళ్లలో మన తెలుగువాడు పాల్ దివాకర్ కూడా వున్నారు. కులం మా ఇంటి విషయం, జాత్యహంకారం మీది సదస్సులోకి తేవద్దని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. చివరి పత్రంలో కులం లేదు. 2015 పారిస్ ఒప్పందం పీఠిక చూడండి. ఆదివాసులు, వలసజీవులు, పిల్లలు, వికలాంగులు అందరి పేర్లూ వున్నాయి. పనిచేసేవాళ్లకు న్యాయమైన మార్పు కావాలని కూడా వుంది. కులం అక్కడా లేదు.

ఇదంతా పాత గొడవ కాదు. విశాఖ ఉక్కు బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో, దిగుమతి కోకింగ్ బొగ్గుతో తయారవుతుంది. ఈ దారిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు 1 నుంచి దిగుమతయ్యే ఉక్కుకి కార్బన్ లెక్క చెప్పమంది. 2026 నుంచి వచ్చే సరుకు మీద సుంకం పడేలా నిర్ణయించింది. ఇది రియో సూత్రానికి విరుద్ధమని మన ప్రభుత్వం అంటోంది. సరే, మేమూ అంటాం. కానీ ఫర్నేసు మార్చాల్సొస్తే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది ఇంటి ప్రశ్న. 2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ కమిటీ ఈ కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మాలని తీర్మానించింది. పెద్ద ఉద్యమం నడిచింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, అదే ఏడు తొలగింపులకు వ్యతిరేకంగా కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగాల్సొచ్చింది. ప్రభుత్వ రంగం పోతే రిజర్వేషను పోతుంది. కాంట్రాక్టులో అది మొదట్నుంచీ లేదు. కార్బన్ తగ్గించే పేరుతో ఎవరి ఉద్యోగాలు ముందు తగ్గుతాయో చూడ్డానికి మనకు ఏ ఒప్పందం కింద హక్కుందో అడగాలి.

అడగాలంటే లెక్కలు చేతిలో వుండాలి. నిర్వాసిత గ్రామాల్లో ఏ పేటకు ఎన్ని ఆర్-కార్డులు వచ్చాయి, వాటిలో ఎన్నింటికి ఉద్యోగం దక్కింది, ఎన్ని పర్మనెంటు, ఎన్ని కాంట్రాక్టు - కులం వారీగా రాసుకోవడం మొదలుపెట్టాం. అగనంపూడి, గాజువాక, పెదగంట్యాడ వైపు పనిచేస్తున్న ఉపాధ్యాయులూ విద్యార్థులూ తమ పేటల వివరాలు సేకరించి ఈ పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాం. పట్టాలు లేని కుటుంబాల సంగతి మర్చిపోకుండా రాయండి.