దుబాయ్‌లో రూపాయి చెల్లిన రోజులు

మనవాళ్ళు దుబాయ్ నుంచో కువైట్ నుంచో డబ్బు పంపిస్తే ఇక్కడికొచ్చాక రూపాయలవుతాయి కదా. 1950ల్లో ఆ మార్చే పనే లేదు. అక్కడా రూపాయే. మన నోటే అక్కడి బజార్లో చెల్లేది. ఆ పేరు అంత దూరం ఎలా వెళ్ళింది, ఎందుకు వెనక్కొచ్చేసింది అన్నది ఇవాళ చెప్తాను.

ముందు మాట సంగతి. రూపం అంటే ఆకారం, బొమ్మ. రూప్యం అంటే బొమ్మ అచ్చు కొట్టినది. పాణిని వ్యాకరణంలోనే దీనికి సూత్రం ఉంది. పోనుపోను రూప్యం అంటే వెండి అనే అర్థం కూడా స్థిరపడింది. కానీ ఇప్పటి రూపాయికి పునాది వేసింది షేర్ షా సూరి. ఢిల్లీని ఏలింది 1540 నుంచి 1545 దాకా, ఐదేళ్ళే. 178 గ్రెయిన్లు, అంటే సుమారు పదకొండున్నర గ్రాముల వెండి నాణెం కొట్టించాడు. హుమాయూన్‌ని తరిమేసిన మనిషి ఆయన. అయినా హుమాయూన్ కొడుకు అక్బర్ ఆ రూపాయినే కొనసాగించాడు. శత్రువు పెట్టిన తూకమని పక్కన పడెయ్యలేదు. నాకైతే ఈ కథలో బాగా నచ్చేది ఇదే.

ఈస్టిండియా కంపెనీ కూడా ఆ పేరే పట్టుకుంది. 1835లో తులం బరువున్న రూపాయి తెచ్చింది. అలా మారిషస్, సీషెల్స్ దాకా వెళ్ళింది. పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లో ఇప్పటికీ రూపాయే. ఇండోనేషియాలో రుపియా, మాల్దీవుల్లో రుఫియా. అన్నట్టు మన నిజాముకి కూడా సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇండియా రూపాయలు. 1959లో అది పూర్తిగా రద్దయింది.

గల్ఫ్‌కి వేరే రూపాయి పుట్టింది కూడా 1959లోనే. కారణం బంగారం! అక్కడ చవక, ఇక్కడ ఖరీదు. దొంగ బంగారం ఇటొస్తే మన నోట్లు అటు పోయేవి. ఆ నోట్లు తిరిగొస్తే రిజర్వ్ బ్యాంక్ వాటికి బ్రిటిష్ పౌండ్లు ఇవ్వాలి. విదేశీ మారకం కారిపోతోంది. అందుకే గల్ఫ్ కోసం విడిగా నోట్లు వేశారు. నంబరు ముందు జెడ్ అక్షరం, పది రూపాయల నోటు ఎర్రగా ఉండేది. అవి మన అంగట్లో చెల్లవు.

విలువ మాత్రం మన రూపాయికే కట్టేసి ఉంది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో దినార్‌కి మారిపోయాయి. 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకి 4.76 ఉన్నది ఒక్కసారిగా 7.50 అయింది. నిర్ణయం ఢిల్లీలో జరిగింది, నోటేమో దుబాయ్ వర్తకుడి పెట్టెలో ఉంది. ఇక ఎవరు ఉంచుకుంటారు చెప్పండి? ఖతార్, దుబాయ్ ఆ ఏడాదే రియాల్‌కి వెళ్ళిపోయాయి. ఒమన్ ఒక్కటీ 1970 దాకా వాడింది.