కూనూరు నుంచి నూజివీడుకు దిగివచ్చిన సూది

నూజివీడు, ఆగిరిపల్లి వైపు రసాలు, బంగినపల్లి కోతకొచ్చే రోజుల్లో తోటలు గుత్తకు పట్టినవాళ్లు చెట్ల కిందే గుడిసె వేసుకుంటారు. రఖ్వాలీకి కుక్క ఉంటుంది. మనం ఇంట్లోకి రానివ్వం గానీ పొలానికీ, మందకూ, షికారుకూ కుక్కను ఉంచుకోవడానికి హదీసుల్లో ఇజాజత్ ఉంది. మరి ఆ కుక్కకు పిచ్చెక్కితే?

కుక్క కరిచినవాణ్ణి ఉర్దూలో సగ్-గజీదా అంటారు. నీళ్లంటే వాడికుండే ఖౌఫ్ గాలిబ్ షాయరీలోకీ ఎక్కింది. 1869లో గాలిబ్ ఇంతెకాల్ నాటికి ఈ మర్జ్‌కు టీకా లేదు. పాశ్చర్ పారిస్‌లో తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించింది 1885 జులైలో. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లు వచ్చాయి. నూజివీడు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. అంటే కాటు పడ్డవాడు మద్రాసు దాటి, మెట్టుపాళెంలో కొండ రైలెక్కి కూనూరు చేరాలి. అక్కడ రోజుల తరబడి ఇలాజ్. కూలి మానుకుని ఎంతమంది గరీబులు అంత సఫర్ చేయగలరు? దమ్ చేయించుకుని, పసరు కట్టుకుని ఊళ్లోనే ఉండిపోయిన ఆనాటి బుజుర్గుల మీద నాకు కోపం రాదు.

1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో టీకా తయారుచేశాడు. దాన్ని ఊళ్లకు పంపొచ్చు. అప్పటినుంచి మనిషి మందు దగ్గరికి కాక, మందే మనిషి దగ్గరికి రావడం మొదలైంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన నానీలు భయపెట్టేది దాని గురించే. భయం వట్టిది కాదు, కొందరికి ఆ టీకా వల్లే కాళ్లూ చేతులూ పడిపోయేవి. 2004 చివరికి మన దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పుడు నాలుగైదు సూదులు, అవీ చేతికే.

2003 సర్వేలో దేశంలో ఏటా దాదాపు 20,000 మౌతులని తేలింది. ఈమధ్య ఐసీఎంఆర్ అంచనా 5,700 పైచిలుకు. లెక్కగట్టిన తీరు ఒకటి కాదు గానీ, తగ్గిందన్నది నిజం.

తగ్గనిది పిల్లల వాటా. ప్రపంచంలో కాటు పడేవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్ల లోపువాళ్లేనని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. తిడతారని దాచేస్తారు పాపం. లక్షణాలు బయటపడ్డాక ఇలాజ్ దాదాపు లేనట్టే. కుక్క మూతిపెట్టిన గిన్నెను ఏడుసార్లు కడిగే మనమే, కరిచిన కాలిని కడక్కుండా పసుపు అద్దుతాం! సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడగాలి. ఆ తర్వాత సూది. అది సర్కారీ ఆసుపత్రిలో ముఫ్త్. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. అది చిన్న ఆసుపత్రులన్నిటా దొరకదు, ఎక్కడుందో అక్కడే అడిగి వెంటనే బయల్దేరాలి.