దానము, పరిశోధనము: లండనునందలి రతన్ టాటా నిధి

ధర్మసంస్థలును విశ్వవిద్యాలయములును చేయి కలిపిన సందర్భములలో ధనమిచ్చినవా రెవరు, పనిచేసినవా రెవరు అను విషయములనే చరిత్రకారులు సామాన్యముగా పేర్కొందురు. పరిశోధింపవలసిన ప్రశ్నను నిర్ణయించిన దెవరో విచారించుట అరుదు. ఈ యంశమును విశదపరచు నొక వృత్తాంతమును ఇచట పరిశీలింపదలచితిమి.

1869లో లండనునం దేర్పడిన దానవ్యవస్థా సంఘము పేదల యిండ్లకు పోయి, వారి నడవడిని విచారించి, అర్హులైనవారికే సాహాయ్య మందవలెనని నియమించెను. దారిద్ర్యమునకు కారణమును ఆ సంఘమువారు తరచుగా వ్యక్తి శీలమునందే వెదకిరి. వారు 1903లో స్థాపించిన సమాజశాస్త్ర పాఠశాల 1912లో లండను ఆర్థికశాస్త్ర విద్యాలయమున విలీనమయ్యెను.

ఆ కాలముననే జంషెడ్జీ టాటా ద్వితీయపుత్రుడైన రతన్ టాటా (1871-1918) దారిద్ర్యకారణములను, తన్నివారణమార్గములను పరిశోధించుటకై లండను విశ్వవిద్యాలయమునకు ఏటికి 1,400 పౌనులు ఒసగ నంగీకరించెను. పాటలీపుత్రమునందలి త్రవ్వకములకు ధనమిచ్చిన దాత యితడే. 1913లో ఈ నిధికి ఆర్. హెచ్. టానీ సంచాలకుడయ్యెను. 1880లో కలకత్తాలో జన్మించిన ఈయన, కథాసరిత్సాగరమును ఆంగ్లీకరించిన సంస్కృతపండితుడు సి. హెచ్. టానీ కుమారుడు. పట్టభద్రులు పేదలనడుమ నివసించుటకై 1884లో నెలకొల్పబడిన టాయన్బీ హాలులో ఈయన కొంతకాల ముండెను.

టానీ ప్రశ్ననే మార్చివేసెను. పేదవాని శీలమెట్టిదని గాక, అతని పనికి కూలి యెంత, దానిని నిర్ణయించువా రెవరు అని ఆయన యడిగెను. అందుకు తగిన నిదర్శనము సిద్ధముగా నుండెను. 1909 నాటి శాసనముచే నాలుగు పరిశ్రమలందు కనీసవేతనములను నిర్ణయించు మండలు లేర్పడెను. గొలుసుల పరిశ్రమలో స్త్రీలకు గంటకు 2½ పెన్నీలు నిర్ణయింపగా యజమానులు తప్పించుకొనజూచిరి. 1910లో క్రేడ్లీ హీత్ స్త్రీలు పదివారములు పోరాడి ఆ వేతనమును సాధించుకొనిరి. కూలి పెంచినచో పరిశ్రమ నశించునని, పనివాండ్రకు ఉన్న పనియు పోవునని అప్పుడు పలువురు వాదించిరి. టానీ 1914లో గొలుసుల పరిశ్రమను గూర్చియు, 1915లో కుట్టుపరిశ్రమను గూర్చియు ప్రకటించిన గ్రంథములలో ఆ భయమునకు తగిన ఆధారము లేదని నిరూపించెను.

ఈ నిధి సాహాయ్యముననే బౌలీ, బర్నెట్-హర్స్ట్ అను పండితులు నాలుగు పట్టణములలో సుమారు ఇరువది యిండ్ల కొక యింటి చొప్పున పరిశీలించి, 1915లో తమ ఫలితములను ప్రకటించిరి. నిత్యము పనిచేయుచున్నను కూలి చాలకపోవుటయే పెక్కు కుటుంబముల దారిద్ర్యమునకు ముఖ్యకారణమని వారి లెక్కలు తెలిపెను.

1918లో మరియొక శాసనముచే ఇట్టి మండలులు ఇతరపరిశ్రమలకు విస్తరింపబడెను. అది కేవలము ఈ గ్రంథముల ఫలమనుట అతిశయోక్తి యగును. యుద్ధకాల పరిస్థితులును, కార్మికోద్యమ బలమును అందులకు తోడ్పడినవి. ఐనను కనీసవేతనము ఆచరణసాధ్యమని చూపు లెక్కలను సిద్ధపరచిన గౌరవము ఈ నిధికి చెందును.

ఈ విచారణపద్ధతి పిదప భారతదేశమునకును వచ్చెను. బర్నెట్-హర్స్ట్ అలహాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, బొంబాయి కార్మికుల గృహస్థితిని గూర్చి 1925లో గ్రంథమును వెలువరించెను. 1936లో దొరాబ్జీ టాటా ధర్మనిధి బొంబాయిలో స్థాపించిన సమాజసేవా విద్యాలయము 1964లో విశ్వవిద్యాలయస్థాయిని పొందెను.

దాత కోరినది దారిద్ర్యనివారణమార్గము. పరిశోధకుడు చూపినది కూలిలోని అన్యాయము. ఆ దాతయు పారిశ్రామిక కుటుంబమువాడే యని మరువరాదు. పరిశోధకుని ప్రశ్న తన వర్గమువారికే ఇబ్బంది కలిగింపగలదైనను దాని నడుగనిచ్చిన దానమే విద్యకు నిజమైన దానమని మా యభిప్రాయము.