కోల్‌కతా పెరటి చరిత్ర

కోల్‌కతా కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ హుగ్లీ ఒడ్డునుంచే మొదలుపెడతారు. 1690 ఆగస్టు 24న జాబ్ చార్నాక్ సుతానుటిలో దిగడం, 1698లో సుతానుటి, కలికాతా, గోవిందపూర్ గ్రామాల మీద హక్కులను సబర్ణ రాయ్‌చౌధురీ కుటుంబం నుంచి ఈస్టిండియా కంపెనీ కొనుక్కోవడం, ఆ తర్వాత కోట, రేవు, జనపనార మిల్లులు, హౌరా వంతెన... అన్నీ నదివైపు ముచ్చట్లే. చార్నాక్‌ను స్థాపకుడనడం కుదరదనీ, ఈ ఊరికి ఫలానా పుట్టినరోజంటూ లేదనీ 2003లో కలకత్తా హైకోర్టు తేల్చేసింది. పుట్టుక మాట అటుంచి, ఇంత ఊరు ఇన్నాళ్లు ఎలా నిలబడిందో తెలియాలంటే మాత్రం నది వాకిలి వదిలి తూర్పున ఉన్న పెరట్లోకి వెళ్లాలి. వాడిన నీళ్లు పోయేది అటే.

వాలు తూర్పుకు

హుగ్లీ వరదల్లో తెచ్చిపోసిన ఒండ్రుతో దాని గట్టు ఎత్తు పెరిగింది. ఊరు ముందు ఆ మెరక మీదే వెలిసింది. అక్కడినుంచి నేల తూర్పుకు వాలుతూ పోయి ఉప్పునీటి చిత్తడిలో కలుస్తుంది. నది పక్కనే ఉన్నా ఊళ్లో పడిన వాన సహజంగా నదిలోకి పోదు. ఈ సంగతి పాలకులకు తలకెక్కడానికి చాలాకాలం పట్టింది. 1803లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఊరి మురుగు కాలవల తీరును తప్పుపట్టి, బాగుచేసే మార్గం చూడమని కమిటీ వేశాడు. 1817లో వచ్చిన లాటరీ కమిటీ టిక్కెట్లు అమ్మిన డబ్బుతో రోడ్లు వేసింది, చెరువులు తవ్వించింది.

అసలు మలుపు 1855లో వచ్చింది. ఇంజనీరు విలియం క్లార్క్ ఇచ్చిన పథకం నేల వాలునే నమ్ముకుంది. ఇటుకలతో భూగర్భ సొరంగాలు కట్టి, మురుగును, వాననీటిని తూర్పు అంచుకు చేర్చి, అక్కడ పంపులతో ఎత్తిపోసి చిత్తడిగుండా బిద్యాధరి నదిలోకి పంపాలన్నది ఆలోచన. 1859లో పని మొదలైంది. లండన్‌లో థేమ్స్ కంపు భరించలేక జోసెఫ్ బజల్గెట్ చేత మురుగు సొరంగాలు తవ్వించడం మొదలైందీ ఆ ఏడాదే.

చచ్చిపోయిన నది

బిద్యాధరి ఆటుపోట్ల నది. పోటువేళ సముద్రపు నీళ్లు చిత్తడిలోకి పరుచుకుని, ఆటువేళ వేగంగా వెనక్కి పోతూ అడుగున చేరిన మట్టిని ఊడ్చుకుపోయేవి. పోటునీరు పరుచుకునే చోట్లను గట్లు కట్టి సాగులోకి తెచ్చేసరికి ఆ ఊడ్పు ఆగిపోయింది. మట్టి మేట వేసింది. 1928లో ప్రభుత్వం బిద్యాధరిని మృతనదిగా ప్రకటించింది. నగరానికి మురుగుదారి మూసుకుపోయింది. కార్పొరేషన్ ఇంజనీరు బి.ఎన్. దే మురుగుకొకటి, వాననీటికొకటి కాలవలు తవ్వించి ఇంకా తూర్పునున్న కుల్టీ నదికి కలిపాడు. 1943 నాటికి ఆ పని పూర్తయింది.

ఈలోగా చిత్తడిలో మరో పని నడుస్తోంది. సముద్రపు నీళ్లు రాక ఉప్పుచెరువుల్లో చేపల సాగు దెబ్బతిన్నవాళ్లు 1930 ప్రాంతంలో నగరపు మురుగును చెరువుల్లోకి మళ్లించి చూశారు. చేప బాగా ఎదిగింది. ఇప్పుడు అక్కడివాళ్లు భేడీలు అని పిలిచే చెరువులన్నీ ఆ ప్రయోగం సంతతే.

లోతు తక్కువ ఉండటమే భేడీ రహస్యం. మనిషి నడుం లోతు దాటని నీళ్లలో ఎండ అడుగుదాకా దిగుతుంది. బాక్టీరియా మురుగును విరగ్గొడుతుంది. అందులోంచి వచ్చిన పోషకాలతో నాచు పెరిగి ఆక్సిజన్ వదులుతుంది. ఆ నాచును, దాన్ని తినే సూక్ష్మజీవులను బొచ్చె, శీలావతి లాంటి చేపలు తింటాయి. గట్ల వెంట పెంచే గుర్రపుడెక్క అలల కోతను ఆపుతుంది, లోహాలను కొంత పీలుస్తుంది. తేటపడిన నీళ్లు వరిచేలకు పోతాయి. ఎంత మురుగు వదలాలి, ఎన్నాళ్లు ఎండనివ్వాలి, చేపపిల్లను ఎప్పుడు వేయాలి అన్నది భేడీ పనివాళ్లకు రంగు, వాసన చూస్తేనే తెలిసిపోతుంది.

పెరట్లో కట్టిన ఇళ్లు

1943 కరువులో పల్లెజనం, 1947 విభజనతో తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చిపడ్డారు. నగరం ఊపిరాడని స్థితికి వచ్చింది. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ చూపు చిత్తడి మీద పడింది. 1962లో పని మొదలుపెట్టి, హుగ్లీ అడుగునుంచి తోడిన ఒండ్రును గొట్టాల్లో తెచ్చి ఉప్పుచెరువుల్లో పోశారు. యుగోస్లావియా సంస్థ ఇన్వెస్ట్ ఇంపోర్ట్ ఆ పని చేసింది. దోబ్రివోయే తోష్కోవిచ్ పట్టణానికి నమూనా గీశాడు. ఇవాళ్టి సాల్ట్‌లేక్, అంటే బిధాన్‌నగర్, అలా పుట్టింది. ఇళ్ల కొరత కొంత తీరింది. నగరపు నీళ్లు నిలిచే చోటు ఆ మేరకు తగ్గింది.

1980లలో రాష్ట్ర ప్రభుత్వ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ నగరం మురుగు ఏమవుతోందో చూద్దామని కాలవ వెంట నడిచి భేడీలదాకా వెళ్లాడు. శుద్ధికి కోట్లు పోసి యంత్రాలు పెట్టాల్సిన చోట ఆ పని ఎండ, నాచు, చేపలే చేసిపెడుతున్నాయనీ, అందులో వేలమందికి కూడు దొరుకుతోందనీ లోకానికి చెప్పినవాడు ఆయనే. చిత్తడిలో కొంతభాగంలో వాణిజ్య కేంద్రం కట్టాలని ప్రభుత్వం చూస్తే, ‘పబ్లిక్’ అనే పౌరసంస్థ హైకోర్టుకెక్కింది. 1992లో జస్టిస్ ఉమేశ్ చంద్ర బెనర్జీ ఇచ్చిన తీర్పు పూడ్చివేతకు అడ్డుకట్ట వేసింది. 2002లో 12,500 హెక్టార్ల తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు రామ్‌సార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కాయి. 2006లో రక్షణ చట్టం వచ్చింది. అయినా పూడిక ఆగలేదు, చాటుగా సాగుతూనే ఉంది.

లెక్కలు చెప్పేది

1950లో ప్రపంచ జనాభాలో 30 శాతం పట్టణవాసులు. 2018లో ఐక్యరాజ్యసమితి వేసిన లెక్క 55 శాతం. 2050 నాటికి 68 శాతం అవుతుందని అదే నివేదిక అంచనా. పెరుగుదలలో ఎక్కువ పాలు ఆసియా, ఆఫ్రికాలదే. కొత్తగా చేరే జనం నగరం నడిబొడ్డున చేరరు. కోల్‌కతాలోనే చూడండి. 2001లో 45.7 లక్షలున్న కార్పొరేషన్ జనాభా 2011కు 45 లక్షలలోపుకి దిగింది. శివార్లన్నీ కలిపిన మహానగర జనాభా మాత్రం కోటీ నలభై లక్షలు దాటింది. పెరుగుదలంతా అంచుల్లోనే ఉంది. చెరువులు, వాగులు, పల్లపు పొలాలు ఉన్నదీ ఆ అంచుల్లోనే. 2025 సెప్టెంబరులో దుర్గాపూజకు ముందు ఒక్క రాత్రి కురిసిన కుండపోతకు నగరం మునిగింది, నీళ్లలోకి పాకిన కరెంటుకు మనుషులు పోయారు. వాన ఎంత కురవాలో నగరం చేతిలో లేదు. కురిసింది ఎటు పోవాలన్నది మాత్రం దాని చేతిలోనే ఉంది.

మనకూ ఇందులో వాటా ఉంది. ఆకివీడు, కైకలూరు చెరువుల చేపలు ఐసులో పడి హౌరా మార్కెట్‌కు పోతాయి. వాటి పోటీని భేడీల చేప తట్టుకోవాలి. రామ్‌సార్ జాబితాలో తూర్పు కోల్‌కతా చిత్తడితోపాటు అదే ఏడాది చేరింది మన కొల్లేరు. 2024 సెప్టెంబరులో గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు చివరికి చేరేదీ ఆ కొల్లేరుకే. కాబట్టి మాస్టర్‌ప్లాన్ గీసేవాళ్లు రోడ్డుకు గీత గీసే ముందు నీళ్లదారికి గీత గీయాలి. ఆ దారిలో ఇంటి ప్లాన్‌కు అనుమతి ఇవ్వకపోవడం ఏ మునిసిపాలిటీకైనా ఈరోజే సాధ్యమైన పని. కట్టాక కూల్చడం, మునిగాక తోడటం దానికి ఎన్నో రెట్ల ఖర్చు.