నివేదికల సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ వనరులు, తెలుగు భాషా అమరికలు: నంద్యాల, ఆళ్లగడ్డ పేర్ల ఆధారంగా పరిశీలన

నంద్యాల: ప్రభుత్వ కార్యాలయాల నుండి పత్రికలకు, శాసనసభకు, పై అధికారులకు చేరే అంకెలలో అధిక భాగం నేడు నివేదికల సాఫ్ట్‌వేర్ ద్వారానే వెలువడుతున్నది. డేటాబేస్‌లోని వరుసలను ఎంచి, కూడి, పట్టికగా పేర్చి, ముద్రణకు అనువైన పీడీఎఫ్‌గా గాని ఎక్సెల్ పత్రంగా గాని అందించడం ఈ సాఫ్ట్‌వేర్ పని. క్రిస్టల్ రిపోర్ట్స్, మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టింగ్ సర్వీసెస్, జాస్పర్ రిపోర్ట్స్, బర్ట్ ఈ కోవలో ప్రసిద్ధమైనవి. సాఫ్ట్‌వేర్ ఏదైనప్పటికీ, అది నడిచే సర్వర్‌కు కేటాయించిన వనరులు, దానికి తెలిపిన భాషా అమరికలు సరిగా లేనిచో, మూల సమాచారం సవ్యంగా ఉన్నప్పటికీ నివేదిక తప్పుతుంది. ఒక మండలం మొత్తం జాబితా నుండి జారిపోవచ్చు. లేదా ఒకే మండలం రెండుగా కనిపించవచ్చు. సాయం అందవలసిన వారి సంఖ్యకు ఆ పట్టికే ఆధారమైనప్పుడు ఇది కేవలం సాంకేతిక లోపంగా మిగలదు.

రాష్ట్రంలో ఈ విషయానికి రెండు దశాబ్దాలకు మించిన నేపథ్యం ఉన్నది. రిజిస్ట్రేషన్ల శాఖలో ‘కార్డ్’ పథకం 1998లోను, ‘మీ సేవ’ 2011లోను, భూరికార్డుల ‘మీ భూమి’ 2015లోను ప్రారంభమైనవి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ ఏర్పాటైన పిమ్మట సమాచార నమోదు గ్రామస్థాయికి చేరినది. తొలినాళ్లలో తెలుగు పాఠం ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క విధంగా సంకేతీకరించబడేది. ఒక కార్యాలయంలో టైపు చేసినది మరొక కార్యాలయంలో చదువుటకు వీలుపడేది కాదు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించినప్పటికీ, సామాన్య కంప్యూటర్లలో అది సాధ్యపడినది 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చిన తరువాతనే. 2011లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్షియంలో సభ్యత్వం తీసుకున్నది.

ఏడు సంకేతాలు, ఇరవైయొక్క బైట్లు

‘నంద్యాల’ అనే పేరు కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్‌కు అది ఏడు సంకేతాలు: న, సున్న, ద, హలంతం, య, దీర్ఘం, ల. ‘ఆళ్లగడ్డ’ కంటికి నాలుగక్షరాలు, కంప్యూటర్‌కు ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు అవసరం. కనుక నంద్యాలకు 21 బైట్లు, ఆళ్లగడ్డకు 24 బైట్లు పడతాయి. అవే పేర్లు ఇంగ్లీషు లిపిలో వరుసగా 7, 9 బైట్లలో ఇముడుతాయి.

ఇంగ్లీషు పేర్ల కొలతతో 20 బైట్ల గడిని ఏర్పరచిన పాత పట్టికలో తెలుగు పేరు నింపబోతే నంద్యాల సైతం పట్టదు. ఒరాకిల్ డేటాబేస్ దానిని తిరస్కరించి పొరపాటు సందేశం చూపుతుంది. ఇది మంచిదే, తప్పు అప్పుడే తెలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ గడిని బైట్లలో గాక సంకేతాలలో కొలుస్తుంది గాని, కఠిన నియమం అమలులో లేనిచో అధికమైన భాగాన్ని కత్తిరించి మిగిలినది భద్రపరచుకుంటుంది. 2015లో వెలువడిన 5.7 వెర్షన్ నుండి కఠిన నియమం సహజంగానే అమలులో ఉంటుంది. అంతకు ముందరి వెర్షన్ల నుండి తరలివచ్చిన జాబితాలలో సగంలో ఆగిన పేర్లు కనిపించినచో మొదట అనుమానించవలసినది గడి పొడవునే.

ఎస్‌క్యూఎల్ సర్వర్ విషయం వేరు. విండోస్‌లో తెలుగుకు పాతకాలపు కోడ్ పేజీ అంటూ లేదు. కాబట్టి యూనికోడ్ కాని సాధారణ గడిలో తెలుగు పాఠం వేయగానే ప్రతి సంకేతం ఒక ప్రశ్నార్థక చిహ్నంగా మారుతుంది. అట్లు మారిన పాఠాన్ని తిరిగి రాబట్టు మార్గం లేదు; మూల పత్రం నుండి మరల నమోదు చేయవలసినదే. యూనికోడ్ గడి ఉన్నప్పటికీ, ఆదేశంలో పాఠానికి ముందు ‘ఎన్’ అక్షరం చేర్చడం మరచినచో ఫలితం ఇదే. 2019 వెర్షన్ నుండి ఎస్‌క్యూఎల్ సర్వర్ సాధారణ గడిలో సైతం యూటీఎఫ్-8ను అనుమతిస్తున్నది. అయితే అక్కడ పొడవును బైట్లలోనే లెక్కించవలసి ఉంటుంది.

నివేదిక చూచి లోపం గుర్తించుట

పాత్రికేయులకు, అధికారులకు సర్వర్ లోపలి అమరికలు కనిపించవు. కనిపించేది కాగితం. ఆ కాగితం మీది లోపం తీరును బట్టి తప్పు ఎక్కడ జరిగినదో చాలవరకు చెప్పవచ్చు. పేరు స్థానంలో ప్రశ్నార్థక చిహ్నాలు ఉన్నచో సమాచారం నశించినట్లే, లేదా మార్గమధ్యంలో యూనికోడ్ కాని దారి గుండా వచ్చినట్లు. ఖాళీ డబ్బాలు కనిపించినచో సమాచారం భద్రంగా ఉన్నది, ఫాంటు మాత్రమే లేదు. యూరోపియన్ భాషల ఉచ్చారణ గుర్తులతో కూడిన వింత అక్షరాల గుంపు కనిపించినచో యూటీఎఫ్-8 పాఠాన్ని మరొక సంకేత పద్ధతిలో తెరిచినట్లు. సీఎస్‌వీ దస్త్రాన్ని నేరుగా ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తరచు జరిగేది ఇదే. దస్త్రం ఆరంభంలో యూటీఎఫ్-8 గుర్తు చేర్చి ఎగుమతి చేయడం గాని, ఎక్సెల్‌లోని డేటా దిగుమతి మార్గంలో సంకేత పద్ధతిని ఎన్నుకొనడం గాని ఇందుకు పరిష్కారం.

నాలుగవది సూక్ష్మమైనది. అక్షరాలన్నీ ఉంటాయి, కాని వత్తులు విడిపోతాయి. ‘నంద్యాల’లో యవత్తు ద కిందికి చేరక, ద్ తరువాత య విడిగా నిలుస్తుంది. ‘ఆళ్లగడ్డ’ అయితే రెండు చోట్ల విరుగుతుంది. అక్షరాలను కలిపి కూర్చే యంత్రాంగం పీడీఎఫ్ తయారుచేసే భాగంలో లేకపోవడం ఇందుకు కారణం. జాస్పర్ రిపోర్ట్స్ చాలాకాలం ఆధారపడిన ఐటెక్స్ట్ పాత వెర్షన్లలో భారతీయ లిపులకు ఈ సదుపాయం లేదు. తరువాతి వెర్షన్లలో నిర్దిష్టమైన యూనికోడ్ విభాగాలను జావా స్వయంగా గీసే విధంగా అమర్చుకొను వీలు కల్పించారు. తెలుగు విభాగాన్ని ఆ అమరికలో పేర్కొనవలసి ఉంటుంది. తెర మీద సరిగా కనిపించినది పీడీఎఫ్‌లో చెడితే ముందుగా చూడవలసినది ఈ చోటే.

ఫాంటుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. నివేదిక నమూనాను రూపొందించిన కంప్యూటర్‌లో గౌతమి లేదా వాణి ఫాంటు ఉండవచ్చు. విండోస్ 10 నుండి ఈ రెండూ అదనపు ఫాంటుల జాబితాలోకి మారినవి. కోరి చేర్చుకొననిదే రావు. అప్రమేయంగా ఉండేది నిర్మల యూఐ. లినక్స్ సర్వర్ అయినచో లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు వంటి స్వేచ్ఛా ఫాంటులను, లేదా మండలి, రామభద్ర, గిడుగు వంటి వాటిని సర్వర్ మీదనే స్థాపించాలి. నివేదికను చూచేవారి కంప్యూటర్‌లో ఫాంటు ఉన్నంత మాత్రాన చాలదు. పీడీఎఫ్ తయారయ్యేది సర్వర్‌లో. 2010లో ఆమోదం పొందిన రూపాయి చిహ్నం పాత ఫాంటులలో లేదు గనుక, ఆర్థిక నివేదికలలో తెలుగంతా సవ్యంగా ఉండి మొత్తాల ముందు మాత్రం డబ్బా కనిపించడం కద్దు.

ఒక ఊరు, రెండు వరుసలు

ఆళ్లగడ్డ పేరును కొందరు ళకు లవత్తుతోను, మరికొందరు ళకు ళవత్తుతోను వ్రాస్తారు. రెండూ వాడుకలో ఉన్నవే, చదివేవారికి తేడా లేదు. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. పేరు ఆధారంగా మొత్తాలు కూడే నివేదికలో ‘ఆళ్లగడ్డ’ ఒక వరుస, ‘ఆళ్ళగడ్డ’ మరొక వరుస అవుతుంది. తహసీల్దారు కార్యాలయంలో ఒక వరుసనే చూచినచో లబ్ధిదారులు తగ్గినట్లు తోస్తుంది. మండలాల సంఖ్యను లెక్కించే పట్టికలో ఒక మండలం పెరుగుతుంది. ఈ తేడాను యూనికోడ్ సమీకరణ నియమాలు సరిచేయవు, ఎందుకంటే అవి నిజంగానే రెండు భిన్న వర్ణక్రమాలు.

సమీకరణ సరిచేయగల తేడా ఒకటి ఉన్నది. తెలుగు ఐత్వాన్ని ఒకే సంకేతంగాను, ఎత్వము, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగాను వ్రాయవచ్చు. నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై తరువాత వచ్చే ‘మైదుకూరు’ అందుకు ఉదాహరణ. సమాచారం లోనికి వచ్చునప్పుడే సమీకరణ చేసినచో రెండూ ఒకటవుతాయి. అట్లే ఇతర చోట్ల నుండి నకలు చేసిన పాఠంలో కంటికి కనిపించని సున్నా వెడల్పు గుర్తులు చొరబడుతుంటాయి. వాటినీ అప్పుడే తొలగించాలి.

వీటన్నిటికన్న మేలైన పద్ధతి పేరు మీద ఆధారపడకపోవడమే. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో జిల్లా, మండలం, గ్రామం ప్రతిదానికి ప్రత్యేక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్య ఆధారంగా కూడి, పేరును కేవలం ప్రదర్శనకు వాడుకున్నచో వర్ణక్రమం తేడాలు మొత్తాలను తాకవు. నంద్యాల విషయంలో ఇది మరింత అవసరం. నంద్యాల ఒక పట్టణం, ఒక మండలం, ఒక రెవెన్యూ డివిజన్, ఒక శాసనసభ నియోజకవర్గం, ఒక లోక్‌సభ నియోజకవర్గం. 2022 ఏప్రిల్ 4 నుండి ఒక జిల్లా కూడా. లోక్‌సభ నియోజకవర్గ పరిధి, జిల్లా పరిధి ఒకటి కావు: పాణ్యం శాసనసభ నియోజకవర్గంలోని కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలోనే ఉన్నవి. 2022కు ముందరి లెక్కలలో ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాకు చెందుతుంది. ఈ మార్పును తేదీతో సహా నమోదు చేయని నివేదికలో 2021, 2023 సంవత్సరాలను పోల్చినచో కర్నూలు జిల్లా అంకెలు ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపిస్తాయి. అట్టి తగ్గుదలను వార్తగా వ్రాయుటకు ముందు జిల్లా సరిహద్దును పరిశీలించవలెను.

అంకెలు, తేదీలు

నివేదికకు అమెరికా ఇంగ్లీషు అమరిక ఉన్నచో పన్నెండు లక్షల ముప్పైనాలుగు వేల ఐదువందల అరవైయేడు 1,234,567గా ముద్రితమవుతుంది. తెలుగు లేదా భారతీయ ఇంగ్లీషు అమరికతో 12,34,567 అవుతుంది. రిపోర్టింగ్ సర్వీసెస్‌లో నివేదిక భాషా గుణాన్ని మార్చకున్నచో రూపకర్త కంప్యూటర్‌లోని అమెరికా అమరికే కొనసాగడం పరిపాటి. జావా ఆధారిత సాఫ్ట్‌వేర్‌లో భాషను తెలుగుగా మార్చినా చాలదు. జావాలోని సాధారణ సంఖ్యా రూపకల్పన మూడేసి అంకెల విభజనను మాత్రమే ఎరుగును. లక్షల పద్ధతికి ఐసీయూ గ్రంథాలయాన్ని వాడవలసి ఉంటుంది.

నంద్యాల జిల్లా ఆవిర్భావ తేదీ 04-04-2022. రోజు ముందా, నెల ముందా అన్న సందేహానికి ఇందులో తావు లేదు. అన్ని తేదీలకు ఆ అదృష్టం ఉండదు. 05-06-2022 అమెరికా అమరికలో మే 6, మన అమరికలో జూన్ 5. సర్వర్ గడియారం అంతర్జాతీయ కాలమానంలో ఉన్నచో మరొక చిక్కు: భారత కాలమానం ఉదయం 5.30కు ముందు తయారయిన ప్రతి నివేదిక మీద ముందురోజు తేదీ పడుతుంది. తెల్లవారుజామున సిద్ధమయ్యే దినసరి నివేదికలకు ఇది తప్పక సరిచూడవలసిన అంశం.

సర్వర్ వనరులు

నివేదిక తయారీలో అధికంగా ఖర్చయ్యేది మెమరీ. జావా సాఫ్ట్‌వేర్ తనంతట తాను సర్వర్ మెమరీలో నాలుగవ వంతును మాత్రమే గరిష్ఠంగా తీసుకుంటుంది. 8 జీబీ సర్వర్‌లో అది 2 జీబీ. ఎంత మెమరీ కొని చేర్చినా ఈ పరిమితిని పెంచనిదే పూర్తి ప్రయోజనం ఉండదు. జాస్పర్ రిపోర్ట్స్‌లో పుటలను డిస్క్ మీదికి మార్చే వర్చువలైజర్‌ను అమర్చుకుంటే వేల పుటల జాబితా సైతం పూర్తవుతుంది, వేగం తగ్గుతుంది.

రిపోర్టింగ్ సర్వీసెస్‌లో మెమరీ వినియోగం 80 శాతం దాటగానే ఒత్తిడి తగ్గించే చర్యలు మొదలవుతాయి, 90 శాతం వద్ద కొత్త పనుల స్వీకరణ మందగిస్తుంది. డేటాబేస్ కూడా అదే సర్వర్‌లో ఉన్నచో దానికి గరిష్ఠ పరిమితి విధించాలి. అప్రమేయంగా దానికి పరిమితి లేదు, ఉన్న మెమరీ అంతా అదే వాడుకొనగలదు. క్రిస్టల్ రిపోర్ట్స్‌లో ఏకకాల ముద్రణ పనుల పరిమితి 75. పరిమితి దాటినదన్న సందేశం వచ్చినప్పుడు ఆ సంఖ్యను పెంచడం అలవాటుగా జరుగుతున్నది గాని, సాధారణంగా అసలు కారణం పూర్తయిన నివేదికలను ప్రోగ్రాము మూసివేయకపోవడం. సంఖ్య పెంచినచో అదే సందేశం కొన్నాళ్ల తరువాత వస్తుంది.

పెద్ద జాబితాల ఎగుమతిలో పాత ఎక్సెల్ రూపం 65,536 వరుసలతో ఆగుతుంది. కొత్త రూపం 10,48,576 వరకు అనుమతిస్తుంది. అందిన పత్రంలో చివరి వరుస సంఖ్య సరిగ్గా 65,536 అయినచో ఆ జాబితా అసంపూర్ణమని భావించి, మొత్తాన్ని మూల కార్యాలయంతో సరిచూచుకొనవలెను. జిల్లా అంతటి జాబితాలను కార్యాలయ వేళలకు వెలుపల తయారుచేసి సిద్ధంగా ఉంచి, పగటివేళ మండల స్థాయి నివేదికలకు మాత్రమే సర్వర్‌ను వినియోగించినచో ఆళ్లగడ్డ వంటి మండల కార్యాలయాలకు నివేదికలు ఆలస్యం లేకుండా చేరుతాయి.