త్రాసునకు అందని బరువు

బూర్గంపాడు గోదావరి గట్టున, కిన్నెరసాని ఆ మహానదిలో కలియు తావునకు చేరువలో ఉన్న ఊరు. నైజాము కాలమున ఇది హైదరాబాదు సంస్థానములోనిది. ఏటి కావలి భద్రాచలము ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోనిది. 1953లో ఏర్పడిన ఖమ్మము జిల్లాలో బూర్గంపాడు చేరెను. 1959లో భద్రాచలమును అందే కలిసెను. 2016 నుండి ఈ రెండు ఊళ్లును భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనివి. ఏలుబడులు ఇన్ని మారినను, ఈ అడవి అంచు పల్లెలలో చూలాలిని గూర్చిన చింత మాత్రము చిరకాలము ఒక్కటిగానే ఉండెను: ఆమెకు కడుపునిండ కూడు దొరకునా?

ఆ చింత నేటికిని తీరలేదు. దాని ప్రక్కనే మరియొకటి వచ్చి నిలిచినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో నూటికి సుమారు 19 మంది స్త్రీలు ఉండవలసిన దానికంటె తక్కువ బరువుతో ఉండగా, సుమారు 30 మంది అధిక బరువుతో ఉన్నారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది మొదలు జొన్నలు, సామలు వెనుకబడి వరియన్నము ముందునకు వచ్చినది; నూనెయు, చక్కెరయు సులభములైనవి; ఒంటికి పని తగ్గినది. ఒకే అంగన్‌వాడీ గుమ్మమున బక్కపలుచని చూలాలును, భారీ కాయముగల చూలాలును వరుసలో నిలుచుట నేడు వింత కాదు. మొదటి యామెపై అందరికిని జాలి. రెండవ యామెకు దొరకునది తరచుగ హాస్యమో, మందలింపో. ఆ మందలింపునకు ఒక చరిత్ర గలదు. నేడు మేము చెప్పదలచినది ఆ చరిత్రయే.

మన ప్రాచీన వైద్యమునకు స్థూలకాయము తెలియని విషయము కాదు. చరక సంహిత అతిస్థూలుని, అతికృశుని ఇరువురను నిందితులలోనే చేర్చినది. అయినను గర్భిణి ప్రసంగము వచ్చునప్పటికి ఆ గ్రంథము స్వరము మారును. గర్భమును నిలుపు వానిలో మనస్సు యొక్క ప్రసన్నతయే శ్రేష్ఠమని అది పలుకును. నిండిన నూనెపాత్రను మోయువాడు ఎంత మెలకువతో అడుగు వేయునో, చూలాలి యెడ అంత మెలకువ వలయునని హెచ్చరించును. వేవిళ్ల కోరికలు తీర్చు మన ఇండ్ల ఆచారమునకు మూలము ఈ భావనయే.

పాశ్చాత్య వైద్యము మరియొక త్రోవను నడిచినది. 1889లో ప్రోఖోవ్నిక్ అను జర్మను వైద్యుడు, కటి యిరుకైన స్త్రీలకు బిడ్డ చిన్నదైనచో ప్రసవము సులభమగునని, నెలలు నిండు సమయమున ఆహారమును తగ్గించు పద్ధతిని ప్రకటించెను. శస్త్రచికిత్స ప్రాణాంతకమైన ఆ దినములలో దానికి అర్థము ఉండెను. కాని కారణము పోయిన పిదపను నియమము మిగిలినది. ఇరువదవ శతాబ్ది నడిమి వరకు పెక్కు దేశముల వైద్యులు బరువు పెరిగిన గర్భిణిని త్రాసు ముందర నిలిపి మందలించుచునే ఉండిరి. 1970లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఈ కట్టడిని సడలించి, 20 నుండి 25 పౌనుల వరకు పెరుగుట మేలనెను. 1990లో ఎత్తునుబట్టియు, గర్భమునకు ముందరి బరువునుబట్టియు వేర్వేరు కొలతలు ఏర్పడినవి. 2009లో వానిని సవరించిరి: సామాన్యమైన బరువుగల స్త్రీ 11.5 నుండి 16 కిలోలు, స్థూలకాయముగల స్త్రీ 5 నుండి 9 కిలోలు పెరుగవచ్చును. కావున స్థూలకాయముగల తల్లియు కొంత పెరుగవలసినదే. ఉపవాసములుండి చిక్కిపోవలసినది కాదు.

ఇన్నాళ్లును త్రాసు దేహమునే తూచినది. మనస్సు మాట యేమి? 1858లోనే మార్సే అను ఫ్రెంచి వైద్యుడు గర్భిణుల, బాలింతల మనోవ్యాధులపై ఒక గ్రంథమును వెలువరించెను. అయినను సామాన్యమైన ఆరోగ్య సేవికయు అడుగదగిన పది ప్రశ్నల పట్టిక ఎడింబరో పేరుతో వెలువడుటకు 1987 వరకు ఆగవలసి వచ్చినది. ఈ రెండు త్రోవలును కలియుటకు మరికొంత కాలము పట్టినది. 2014లో లండను కింగ్స్ కళాశాల పరిశోధకులు 62 అధ్యయనములను క్రోడీకరించి చూడగా, సామాన్యమైన బరువుగల గర్భిణులలో నూటికి సుమారు 23 మందికి క్రుంగుదల లక్షణములు ఉండగా, స్థూలకాయముగల వారిలో 33 మందికి ఉన్నట్లు తేలినది.

ఏల ఇట్లు? క్రుంగిన మనస్సు ఆకలిని, నిద్రను, నడకను చెరచును. బరువు పెరిగిన దేహము నడుమునొప్పిని, ఆయాసమును, మధుమేహ భయమును తెచ్చును. ఒకటి మరియొక దానిని పెంచును. దీనికి పరుల మాట తోడగును. "ఇంత లావు ఏమిటి?" అని పదుగురి ముందర అనిపించుకొన్న స్త్రీ మరుసటి నెల పరీక్షకు రాకపోవచ్చును. రక్తపోటును, మధుమేహమును తొలుతనే కనిపెట్టవలసినది ఆ పరీక్షలోనే. ఆమెకు ఇతరులకంటెను ఆ పరీక్ష అవసరము ఎక్కువ. హితము కోరి అన్న మాటయే ఆమెను ఆ గుమ్మమునకు దూరము చేసినచో ఆ హితము వలన ఫలమేమి?

2015లో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణికి ఒకపూట నిండు భోజనమును, గ్రుడ్డును, పాలను ఏర్పరచినది. 2022లో రక్తహీనతను తగ్గించుటకై పోషకాహారపు కిట్లను మొదట ఇచ్చిన తొమ్మిది జిల్లాలలో భద్రాద్రి కొత్తగూడెము ఒకటి. ఇవి మేలైన పనులు. వీనికి ఒక చిన్న ప్రశ్న చేరవలయునని మా మనవి. త్రాసు దిగిన తల్లిని నలుగురికి వినబడకుండ ప్రక్కకు పిలిచి, "నిద్ర పట్టుచున్నదా అమ్మా? మనస్సెట్లున్నది?" అని అడుగుట. రెండు వారములు దాటినను దిగులు విడువనిచో వైద్యునికి తెలుపవలయును. 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీ మానస్ వారి 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఏ కుటుంబము వారైనను సలహా పొందవచ్చును.

అత్తగారును, భర్తయు, వదినయు చేయదగినది ఇంకను సులభము. చూలాలి కంచమును లెక్కించుట మాని ఆమెతోపాటు సాయంకాలము నాలుగడుగులు నడచిన చాలును. నూనెపాత్ర నిండుగా నున్నదని మోయువారు దానిని దూషింపరు; అడుగులు మెల్లగా వేయుదురు.